ఎకరం అమ్మాలా? ఒక ఇంజనీరింగ్ సీటు, ఒక కుటుంబం, నా లెక్కలో దొర్లిన తప్పులు

ఇంటర్ పూర్తయిన పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ చదువు విషయంలో, ఆ చదువుకయ్యే ఖర్చు విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి. అంతకు ముందు కొన్నేళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. కుటుంబాల దగ్గర నిర్ణీత రుసుము మాత్రమే తీసుకుంటాను. కాలేజీల నుంచి సీటుకు ఇంత అని కమిషన్ తీసుకోను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, దిగువ చెప్పబోయే వ్యవహారంలో ఎవరి సలహా వెనుక ఎవరి లాభం ఉన్నదో పాఠకుడికి తెలియాలి కనుక చెబుతున్నాను. ఈ కేసు 2018లో మొదలైంది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరి పేరు, కులం, కాలేజీల పేర్లు వదిలేశాను, మొత్తాలను కొద్దిగా సవరించి రౌండు అంకెలు చేశాను. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రం. తండ్రికి మూడెకరాల వరి పొలం, రోడ్డు మీద ఒక మోటార్ వైండింగ్ షాపు. పొలం కౌలుకిచ్చి ఆయన షాపు మీదే ఉండేవాడు. యాసంగిలో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు షాపు ముందు వరుసగా పడి ఉండేవి. వానాకాలంలో పని పలుచబడేది. ఏడాది మొత్తం సగటున నెలకు 22 వేలు మిగిలేది. తల్లి ఇంటి పనితో పాటు బీడీలు చుట్టేది. కొడుకు ఎంపీసీ పూర్తిచేశాడు, ఎంసెట్‌లో 48 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. కూతురు అప్పటికి జిల్లా పరిషత్ బడిలో ఎనిమిదో తరగతి. నా దగ్గరికి వచ్చిన మొదటి రోజు ఆ అమ్మాయి ప్రస్తావన ఎవరూ తేలేదు, నేనూ అడగలేదు.

వాళ్ళు తెచ్చిన ప్రశ్న

హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఇంటికే వచ్చి చెప్పారు. మన దగ్గర ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, ర్యాంకును బట్టి భర్తీ అవుతాయి. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఈ సీటు రెండో రకం. ముందుగా ఆరు లక్షలు ఇవ్వాలి, దానికి రసీదు ఉండదు. సీటు కోసం ఫీజుకు మించి వసూలు చేసే ఇలాంటి డబ్బును, అంటే క్యాపిటేషన్ ఫీజును, నిషేధించిన చట్టం 1983 నుంచీ అమల్లో ఉన్నది కనుకనే రసీదు ఉండదని ఆ వచ్చినవాళ్ళు చెప్పరు, వినేవాళ్ళు అడగరు. ఆపైన ఏటా లక్షా ఐదు వేల ఫీజు, 85 వేల హాస్టలు, లాప్‌టాప్, రాకపోకలు, పుస్తకాలు కలిపి మరో 40 వేలు. నాలుగేళ్ళకు 15 లక్షల 20 వేలు తేలింది. అప్పుడు ఆ ఊళ్ళో రోడ్డుకు దూరంగా ఉన్న పొలం ఎకరం 16 లక్షలు పలుకుతోంది. బయానా ఇవ్వడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు కూడా. తండ్రి నన్ను అడిగింది ఒకటే: ఎకరం అమ్మి చదివిస్తే గిట్టుబాటవుతుందా, కాదా?

మొదటి ప్రయత్నం: అంకెల కాగితం

నేను అలవాటు ప్రకారం కాగితం మీద మూడు దారులు గీశాను. భూమి అమ్మడం ఒకటి. అప్పు చేయడం రెండోది. డిగ్రీ జోలికి పోకుండా షాపులో కూర్చోవడం మూడోది.

అప్పు దారి త్వరగానే మూసుకుపోయింది. నాలుగు లక్షల దాకా విద్యారుణానికి పూచీకత్తు అక్కర్లేదు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. రసీదు లేని ఆరు లక్షలను ఏ బ్యాంకూ లెక్కలోకి తీసుకోదు, కాబట్టి ఆ మొత్తం ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. అంటే పిల్లవాడు కాలేజీ గేటు దాటకముందే నెలకు 12 వేల వడ్డీ మొదలవుతుంది. మిగిలిన తొమ్మిది లక్షలు బ్యాంకు ఇచ్చినా, కోర్సు కాలపు వడ్డీని పక్కన పెట్టి చూసినా, 11 శాతం చొప్పున పదేళ్ళకు నెల వాయిదా 12,400 వస్తుంది. క్యాంపస్‌లో మూకుమ్మడిగా తీసుకునే ఐటీ కంపెనీలు కొత్తవాళ్ళకు ఏడాదికి మూడున్నర లక్షలకు అటూ ఇటూగా ఇస్తున్న రోజులవి. కోతలు పోను చేతికి 23, 24 వేలు వచ్చేది. హైదరాబాద్‌లో గది, తిండి పోను ఆ జీతం ఒక్క వాయిదాకే చాలదు, రెండింటికి ఎట్లా చాలుతుంది?

భూమి అమ్మే దారిలో పోయేది 16 లక్షలు మాత్రమే కాదు. ఎకరానికి ఏటా వచ్చే కౌలు పోతుంది, ఆ మే నెలలోనే మొదలైన రైతుబంధు కింద సీజనుకు నాలుగు వేల చొప్పున వచ్చేది పోతుంది, ధర పెరిగితే ఆ పెరుగుదల పోతుంది. ఇవన్నీ వేసి, మూడో దారిలో షాపు మీద వచ్చే నెల 22 వేలను ఎదురుగా పెట్టి, డిగ్రీ మానుకోవడమే లాభమని నా కాగితం తేల్చింది. ఆ కాగితాన్ని నేను కొంత గర్వంగానే వాళ్ళ ముందు పెట్టానని ఒప్పుకోవాలి.

తండ్రి చాలాసేపు అంకెలు చూశాడు. పిల్లవాడు తలెత్తలేదు. తల్లి అడిగింది: "సార్, మీ కాగితంల మా పిలగాని పెండ్లి ఏడున్నది?"

నేను నవ్వి తప్పించుకోబోయాను. ఆమె నవ్వలేదు. డిగ్రీ లేనివాడికి పిల్లనివ్వడానికి ఎవరూ రారనీ, షాపు ఎంత నడిచినా "మోటార్లు చుట్టేటోడు" అంటారనీ, తన తమ్ముడికి అదే జరిగిందనీ చెప్పింది. తండ్రి ఇంకొక మాట కలిపాడు. ఆ ఏడాది జనవరి ఒకటి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వస్తోంది, వోల్టేజీ నిలకడగా ఉంటోంది, మోటార్లు కాలడం అప్పుడే తగ్గిందని. గత మూడేళ్ళ ఆదాయాన్ని పట్టుకుని అది నలభై ఏళ్ళు అట్లాగే సాగుతుందని నేను లెక్క వేశాను. షాపు నడిపే మనిషికి తెలిసిన సంగతి నా కాగితానికి తెలియలేదు.

రెండో ప్రయత్నం: నేను పట్టుబట్టడం, దాని ఫలితం

అంతటితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. డిగ్రీ కావాలి, ఖర్చు వద్దు, షాపూ ఉండాలి అంటే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఉన్నది కదా, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఇంటి నుంచి వెళ్ళి రావచ్చు కదా అని పిల్లవాడి వెంటపడ్డాను. తర్కం బాగానే ఉన్నది. కానీ రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంసెట్ కోసమే చదివిన కుర్రవాడికి బీఎస్సీ అంటే ఓడిపోయానని ఊరికి చాటింపు వేసుకోవడమే. అతను ఆ మాట నాతో అనలేదు. నా దగ్గరికి రావడం మానేశాడు. పది, పన్నెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆలోపు ఎంసెట్ మొదటి విడత వెబ్ ఆప్షన్ల గడువు దాటిపోయింది. అతని ర్యాంకుకు మొదటి విడతలో దొరికే రెండు మూడు మంచి సీట్లు రెండో విడత నాటికి నిండిపోయాయి. ఈ నష్టం నా పుణ్యమే. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏ దారి పట్టాలో తేలలేదంటే, ముందు సర్టిఫికెట్ల పరిశీలన చేయించి, ఆప్షన్లు పెట్టించి, ఆ తర్వాతే చర్చ మొదలుపెడతాను. సీటు చేతిలో ఉన్నంత మాత్రాన చేరితీరాలని లేదు. చర్చ ఎంత మంచిదైనా గడువు మాత్రం ఆగదు.

మలుపు: విలువను రెండుగా విడగొట్టడం

తల్లి ప్రశ్న నన్ను వదలలేదు. ఆమె చెప్పింది లెక్కకు అందని సెంటిమెంటు అని నేను మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది పూర్తిగా లెక్కే, నేను గడి గీయని లెక్క. గ్రూప్స్ పరీక్షలకు కూర్చోవాలంటే డిగ్రీ కావాలి, బ్యాంకు పరీక్షలకు కావాలి, పెళ్ళి సంబంధాల్లో మొదటి ప్రశ్న అదే. వీటికి విలువ లేదనడం మూర్ఖత్వం. అయితే వీటిలో ప్రతిదీ ఏ డిగ్రీతోనైనా వస్తుంది. 15 లక్షల డిగ్రీతో ఎంత వస్తుందో, కన్వీనర్ కోటాలో రెండున్నర లక్షలకు దొరికే డిగ్రీతోనూ అంతే వస్తుంది. పట్టా మీద కంప్యూటర్ సైన్స్ అని ఉన్నదా, ఎలక్ట్రికల్ అని ఉన్నదా అని గ్రూప్స్ నోటిఫికేషన్ అడగదు.

కాబట్టి కొత్త కాగితం మీద ఒకే నిలువు గీత గీశాను. ఒకవైపు ఏ డిగ్రీకైనా వచ్చేవి, రెండోవైపు ఈ సీటుకు మాత్రమే వచ్చేవి. మొదటి వరుసలోని వాటికి ఊళ్ళో దొరికే అతి తక్కువ ధరే ఇవ్వాలి. రెండు సీట్ల మధ్య ఉన్న పన్నెండు, పదమూడు లక్షల తేడాను రెండో వరుస ఒక్కటే మోయగలగాలి. అప్పుడు అడగవలసిన ప్రశ్న మారిపోయింది: శివారు కాలేజీలోని ఆ సీటు, మరెక్కడా దొరకనిది, ఏమిస్తుంది?

దీనికి జవాబు కాలేజీ బ్రోచర్‌లో ఉండదు. తండ్రినీ కొడుకునూ వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్ళాను. రిసెప్షన్ గోడ మీద ఎంపికైన విద్యార్థుల ఫోటోలు ఒకదాని కింద ఒకటిగా నిండి ఉన్నాయి. వాళ్ళలో మేనేజ్‌మెంట్ సీటువాళ్ళు ఎందరు, బ్యాచ్‌లో మొత్తం ఎందరు, బ్యాక్‌లాగ్‌లు లేకుండా నాలుగేళ్ళలో బయటపడినవాళ్ళు ఎందరు అని అడిగితే, మూడింటికీ ఒకే నవ్వు జవాబుగా వచ్చింది. తర్వాత మా వైపు మండలాల నుంచి అక్కడ చదివిన పదిమంది నంబర్లు సంపాదించి, పిల్లవాడి చేతే ఫోన్లు చేయించాను. తొమ్మిదిమంది మాట్లాడారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇద్దరు, కాల్ సెంటర్లో ఇద్దరు. ముగ్గురికి సబ్జెక్టులు మిగిలిపోయి పట్టా చేతికి రాలేదు. ఇద్దరు హైదరాబాద్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నారు. తొమ్మిదిమందితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు, పిల్లవాడికీ చెప్పాను. కానీ పట్టా రాని ముగ్గురిలో ఒకతను ఇరవై నిమిషాలు మాట్లాడాడు. వాళ్ళ నాన్న అమ్మింది ఎకరంన్నర. ఆ ఫోన్ పెట్టేశాక మా కుర్రవాడే అన్నాడు, ఎకరం వద్దు సార్ అని.

డిగ్రీ ఖర్చు గురించి మాట్లాడేవాళ్ళందరూ చదువు పూర్తవుతుందనే లెక్కతోనే మాట్లాడతారు. పూర్తికాని చదువుకు కూడా డబ్బు పూర్తిగానే అవుతుంది.

ఇదే సమయంలో, ఇంత ఆలస్యంగా, కూతురి గురించి అడిగాను. ఒక ఎకరం వీడికి పోతే మిగిలిన రెండింటిలో ఆ పిల్ల చదువెంత, పెళ్ళెంత అని. తండ్రి వెంటనే ఏమీ అనలేదు. "దానికింక టైమున్నది గదా సార్" అన్నాడు కాసేపటికి, ఆ మాట తనకే నచ్చనట్టుగా.

పనిచేసినది

రెండో విడతలో ఇంటికి 30 కిలోమీటర్ల దూరంలోని కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచి వచ్చింది. కన్వీనర్ కోటా ఫీజు 68 వేలు. పదివేలు దాటిన ర్యాంకు కనుక బీసీ విద్యార్థిగా అతనికి ప్రభుత్వం రీయింబర్స్ చేసేది 35 వేలు. మిగిలిన 33 వేలు, కాలేజీ బస్సు 17 వేలు, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, పై ఖర్చులు 12 వేలు. నాలుగేళ్ళకు సుమారు రెండున్నర లక్షలు. అప్పు అవసరం పడలేదు.

ఎలక్ట్రికల్ ఎందుకన్నది కూడా రాయాలి, ఎందుకంటే ఇక్కడే రెండో వరుస కొంత నిండింది. విద్యుత్ పంపిణీ సంస్థల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్, ఎలక్ట్రికల్) పోస్టులకు ఆ బ్రాంచి డిగ్రీయే అర్హత. ఇంట్లో షాపు ఉన్నది. ఐటీ కంపెనీలు మూకుమ్మడి నియామకాల్లో బ్రాంచి చూడకుండా పరీక్ష పెడతాయి కనుక ఆ తలుపూ మూసుకోదు. రెండు వేర్వేరు సీట్లు ఒకే పరీక్షా హాలుకు దారితీస్తున్నప్పుడు, ఖరీదైన దారికి కట్టే అదనపు డబ్బు దేనికోసమో చెప్పగలగాలి. మా దగ్గర ఆ జవాబు లేదు.

మూడు షరతులు కాగితం మీద రాసుకున్నాం. భూమి అమ్మకూడదు. మొదటి ఏడాది చివర రెండు కంటే ఎక్కువ సబ్జెక్టులు మిగిలితే అందరం మళ్ళీ కూర్చుని కొనసాగించాలా వద్దా తేల్చుకోవాలి. పోస్టాఫీసులో నెలకు మూడు వేల ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) కట్టాలి. మూడోది తండ్రికి అర్థం కాలేదు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కాలేజీలు విద్యార్థి మీద పడతాయని నేను చూసి ఉన్నాను కనుక అది నా పట్టుదల.

మొదటి ఏడాది సరిగ్గా రెండు మిగిలాయి: ఎం-వన్ అనే లెక్కల పేపరు, ఇంగ్లీషు మాధ్యమంలో అర్థం చేసుకోలేకపోయిన మరొకటి. షరతు రాసినప్పుడు రెండు అనే అంకెను నేను ఎందుకు పెట్టానో నాకే తెలియదు, అంచున నిలబడితే ఏం చేయాలో అంతకంటే తెలియలేదు. అంకెను వదిలి ఇంటర్నల్ మార్కులు చూశాం. మొదటి మిడ్‌కూ రెండో మిడ్‌కూ మధ్య పెరుగుదల ఉన్నది. కొనసాగించాం. ఒకటి సప్లిమెంటరీలో, ఒకటి మరుసటి ఏడాది గట్టెక్కాయి.

2020 మార్చిలో కాలేజీ మూతపడింది. ఆన్‌లైన్ క్లాసు ఫోన్‌లో నడుస్తుండగా అతను షాపులో కూర్చునేవాడు. ఒకసారి నేను వెళ్ళేసరికి ఐదు హార్స్ పవర్ మోటార్ స్టేటర్, అంటే తీగ చుట్టే కదలని భాగం, ముందు పెట్టుకుని ఉన్నాడు. ఇరవై నాలుగు గాళ్ళలో కాలిపోయిన పాత తీగ లాగేసి, పాలీ పొర ఉన్న కొత్త తీగను చుట్లు లెక్కపెడుతూ ఎక్కిస్తున్నాడు. ఈ రకం సబ్‌మెర్సిబుల్ మోటారులో లోపలంతా నీళ్ళుంటాయి కనుక మామూలు ఎనామెల్ తీగ పనికిరాదు. తండ్రి చుట్లు వేళ్ళ గుర్తుతో లెక్కపెడతాడు. కొడుకు గోడ మీద సుద్దతో ఫేజులు గీసి, ఏ కాయిల్ ఏ గాడిలోకి ఎందుకు పోతుందో తండ్రికి చెబుతున్నాడు. "ముప్పై ఏండ్ల సంది చుడుతున్న, గిట్ల ఎందుకు చుట్టాలెనో ఇయాల తెలిసింది" అన్నాడాయన. ఆ మాటకు ధర ఎంతని నా కాగితంలో వేయలేదు, వేయను కూడా.

తప్పు సలహా ఇచ్చానేమో అనిపించిన రోజులు

2021 చివర్లో ఐటీ నియామకాలు ఉధృతంగా సాగాయి. ఇతని ఇంటర్ స్నేహితుడొకడు, ఎకరం కాదు గాని ఇల్లు తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నవాడు, పెద్ద కంపెనీలో మూడున్నర లక్షల ఆఫర్ సంపాదించాడు. మా కుర్రవాడు రాతపరీక్షలో ఇంగ్లీషు దగ్గర రెండుసార్లు పోయాడు. ఆ రోజుల్లో తల్లి ఫోన్ చేస్తే ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. అయితే అదే సీజన్‌లో ఇతని ఎలక్ట్రికల్ తరగతి నుంచి పదకొండుమంది అలాంటి కంపెనీలకే, అవే జీతాలకు ఎంపికయ్యారు. అంటే ఆ ఉద్యోగం తేవడానికి ఆ సీటు చాలింది. ఇతని ఇంగ్లీషు చాలలేదు. నాలుగేళ్ళలో ఆరేడు వేలు పెట్టి ఎవరి దగ్గరైనా ఇంగ్లీషు నేర్పించాలన్న ఆలోచన నాకు రాకపోవడం ఈ కేసులో నా మూడో తప్పు, బహుశా పెద్దది.

2022లో చదువు పూర్తయింది. చివరి రెండేళ్ళ రీయింబర్స్‌మెంట్ 70 వేలు రాలేదని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపింది. ప్రభుత్వం విడుదల చేశాక తిరిగి ఇస్తామనే మాట మీద, ఆర్‌డీ డబ్బు తీసి కట్టి పత్రాలు తెచ్చుకున్నారు. ఇది రాసేనాటికి ఆ 70 వేలు తిరిగి రాలేదు. ఆర్‌డీ లేకపోతే ఆ సర్టిఫికెట్ల కోసం మళ్ళీ రెండు రూపాయల వడ్డీకి వెళ్ళేవాళ్ళు.

అతను ఒక ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ట్రాన్స్‌ఫార్మర్లు చేసేచోట పనిచేశాడు. చట్టప్రకారం గ్రాడ్యుయేట్లకు కనీస స్టైపెండ్ అప్పుడు నెలకు తొమ్మిది వేలు, అతనికి 12 వేలు ఇచ్చారు. తర్వాత ఇళ్ళ కప్పులపై సోలార్ పలకలు బిగించే సంస్థలో సైట్ ఇంజనీర్‌గా 24 వేలకు చేరాడు. దీన్ని గెలుపు అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నేను అంతదూరం పోను. స్నేహితుడి జీతం ఇతనికంటే ఎక్కువే, ఇంటి తాకట్టు మాత్రం ఇంకా విడిపించలేదు. ఇక్కడ ఎకరం అట్లాగే ఉన్నది, దాని ధర దాదాపు రెట్టింపయింది. ఆ పెరుగుదలను ఊహించానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

నేను మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు నేను మొదటి రోజు డిగ్రీ కావాలా వద్దా అని అడగను. ఏ డిగ్రీకైనా వచ్చేవి ఏవో, ఈ సీటుకే వచ్చేవి ఏవో ఇంట్లో అందరి చేతా, ముఖ్యంగా తల్లి చేత, రాయిస్తాను. ఇంట్లో ఇంకెవరు చదువుతున్నారని అడుగుతాను. పూర్తి చేయలేకపోతే ఏం చేస్తారని పిల్లవాణ్ణి ఒంటరిగా అడుగుతాను. ఇవన్నీ అడిగాక కూడా ఖరీదైన సీటే సరైనదని తేలిన సందర్భాలు ఉన్నాయి.

అందులో ఒకటి ఈ ఇంట్లోనే. 2023లో కూతురికి పదివేల లోపు ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు ఫీజు మొత్తం రీయింబర్స్ అవుతుంది. దగ్గరి కాలేజీ చాలదా అని బంధువులు అన్నారు, తండ్రి అనలేదు. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కన్వీనర్ సీటు, దానికి హాస్టల్ ఖర్చు ఏటా లక్ష. తండ్రి షాపు బిల్లు బుక్కు వెనక అట్టమీద నిలువు గీత గీసుకుని వచ్చాడు. కుడివైపు వరుసలో నాలుగు విషయాలున్నాయి, ఆ కాలేజీకి ఏ కంపెనీలు వస్తాయో ఫోన్లు చేసి కనుక్కున్నది కొడుకు. హాస్టల్ కోసం పూచీకత్తు అక్కర్లేని నాలుగు లక్షల రుణం తీసుకోమన్నాను, తీసుకున్నారు. ఒక్కటే నాకు గుబులుగా ఉన్నది: ఈసారి రీయింబర్స్‌మెంట్ ఆగితే ఆగేది ఏటా 35 వేలు కాదు, అంతకు నాలుగు రెట్లు. ఆర్‌డీ నెలకు ఐదు వేలకు పెంచారు. అది చాలదని వాళ్ళకూ తెలుసు, అన్న జీతంలోంచి ఇంకో రెండు వేలు కలుపుతానన్నాడు.